నూరు మార్కుల గొంతు

నమోదు 1

కుజవరం మూడో వరసలో కాపురమున్న సమస్త జనులూ, వారి చుట్టపక్కాలూ, అడిగి తీసుకున్న గరిటె ఏడాదైనా తిరిగివ్వని మహానుభావులూ చెవులు రిక్కించి వినవలసింది. నేటి నుంచి మన వరసలో బంగాళాదుంపను బంగాళాదుంప అనే పిలవాలి. ‘కంఠమిత్ర’ అని ముద్దుగా పిలిచినవాళ్లకి మంచి దుంపలు, దుంప అన్నవాళ్లకి పుచ్చు దుంపలు ఇచ్చే పద్ధతి ఇంతటితో రద్దు. పోపు పెట్టేటప్పుడు స్టవ్‌లోంచి వచ్చే చిటపట రికార్డుకి తోడు ఎవరూ నోటితో చిటపటలాడకూడదు. అసలు ఆవాలే లేని పోపుకి ఒక చప్పుడే ఎక్కువ, రెండు చప్పుళ్లు అక్కర్లేదు. గరిటె సంగతి పైన చెప్పాను, మళ్లీ చెప్పను. ఇట్లు, నాంచారమ్మ.

ఈ ప్రకటన తెల్లారి తలుపుకి అంటించాను. భోజనాల వేళకి కంఠరక్షణ సంఘం మనిషొచ్చి చింపేశాడు. ముద్ర లేదట.

“దుంప పేరుకి కూడా ముద్ర కావాలా బాబూ?” అన్నాను.

“ఆడవాళ్లు తినే ప్రతిదానికీ కావాలమ్మా” అన్నాడు.

సంగతేమిటంటే, మొక్కల్లో ఉండే కొన్ని రసాలు ఆడవాళ్ల మెడలోని థైరాయిడ్ గ్రంథి మీద పడి క్యాన్సర్ తెస్తాయని సంఘం వారి పరిశోధన. ఆకు, గింజ, దుంప అన్నిటినీ వరసగా నిలబెట్టి మార్కులు వేశారు. ముల్లంగి దొంగ, సజ్జలు దొంగ, ఆవాలు చిల్లర దొంగ. సోయా పోయినేడాది తల్లి, ఈ ఏడాది సవతి తల్లి. అందరికీ పెద్ద గజదొంగ క్యాబేజీ. దాన్ని కుజవరంలో పుట్టినవాళ్లెవరూ చూసి ఎరగరు. భూమ్మీదే ఆపేశారు, విత్తనం కూడా ఇటు రానివ్వలేదు. మగాళ్ల గొంతుల మీద పరిశోధన జరగలేదు కాబట్టి మగాళ్లకి ఏ ఆకూ ప్రమాదం కాదు. వాళ్ల మెస్సులో శుభ్రంగా ఆవాలు చిట్లుతాయి.

నా ఉద్యోగం మా వదిన నోటికి కాపలా. మొదట్లో ప్రతి కంచానికీ ఒక యంత్రం పెట్టారు. ఆడవాళ్లు ఆ యంత్రం కంటికి గంజి పూసి, కావలసింది తిన్నారు. అప్పుడు సంఘం పెద్దలంతా కూర్చుని తలలు బద్దలుకొట్టుకుని, ఈ గ్రహాలన్నిటిలోనూ ఆడపడుచు కంటే సూక్ష్మమైన పరికరం లేదని తేల్చారు. అప్పటి నుంచి ప్రతి ఇల్లాలి తిండికీ ఆమె ఆడపడుచే సాక్షి. ఆడపడుచు వదిన గురించి మంచి రాస్తే విచారణ జరుపుతారు. చెడు రాస్తే విచారణ అక్కర్లేదు, నేరుగా నమ్ముతారు. చదువుకున్నవాళ్లు కదా, లోకజ్ఞానం ఉంది.

నేను చదివింది ఎనిమిది. తొమ్మిదిలో లెక్కలు తప్పాను. పెళ్లి కాలేదు. కుజదోషమన్నారు. అందరం కుజుడి మీదే కాపురాలు చేస్తుంటే ఆ దోషం నా ఒక్కదానికే ఎలా అంటిందని అడిగాను. నోరే దోషమన్నారు.

నమోదు 2

వదిన పేరు వకుళ. మా అన్నయ్య కోటిలింగం భార్య. కుజవరం మొత్తమ్మీద నూరుకి నూరు మార్కులున్న గొంతు ఆమెదొక్కటే. సంఘం గోడ మీద ఆమె బొమ్మ ఉంది, మెడ వరకే. కింద ‘ఆదర్శ కంఠం’ అని రాసుంది. మొహం మీద కంటే మెడ మీదే ఎక్కువ వెలుతురు పడేలా తీశారు.

ఈ పూట ఆమె తిన్నవి: నాచు ముద్ద, దుంప, తెల్లన్నం, ఆవపిండి లేని ఆవకాయ. ఆ ఆవకాయని చూస్తే బొట్టు చెరిపేసిన మొహంలా ఉంటుంది. వదిన మాత్రం కళ్లు మూసుకుని, ప్రసాదంలా తింటుంది.

“ఎలా తింటావు వదినా దీన్ని?”

“నాలుకతో కాదే, నియమంతో.”

“నియమానికి కాస్త కారం తగిలించరాదూ.”

“రాసుకో. రెండు ముద్దలు నాచు, ఒక దుంప. నీ వాగుడు రాయకు, దానికి మార్కులు లేవు.”

మధ్యాహ్నం ఊరి పైకప్పు పలచబడినచోట అతుకు వేయడానికి మూడో వరసవాళ్ల వంతు. బయటి సూట్లు వేసుకున్నాం. వదిన సూటుకి మెడపట్టీ పడలేదు. నేను నొక్కాను, అన్నయ్య నొక్కాడు, టక్కుమనదే.

“సూటు కుంచించుకుపోయింది” అంది వదిన.

“ఇనుప పట్టీ కుంచించుకుపోతుందా?” అన్నాడు అన్నయ్య.

“మీ చెల్లెలు వేడినీళ్లలో వేసుంటుంది. ఆవిడగారి వేళాకోళాలు మీకు తెలియనివా?”

నేను వెయ్యలేదు. కానీ నా మాట ఎవరు నమ్ముతారు? పోయిన పండక్కి అన్నయ్య సూటు హెల్మెట్‌లో దుంప చెక్కు పెట్టినదాన్ని నేనే.

నమోదు 4

నోటికి కాపలా కాసేదాన్ని, నాకు కనపడనిది ఉండదు. వదిన ముద్దకీ ముద్దకీ మధ్య నీళ్లు తాగుతోంది. ఇదివరకు ముద్ద మింగితే గొంతు నీటి మీద చేపలా కదిలేది. ఇప్పుడు కదలాలా వద్దా అని ఆలోచిస్తోంది. నల్లపూసల గొలుసు నడిమధ్యన పడకుండా ఓ పక్కకి జారుతోంది. అది సర్దుతున్నట్టు చెయ్యిపెట్టి మెడ తడిమాను. ఎడమ పక్కన, చర్మం కింద, గట్టిగా, రేగుపండంత.

నా చెయ్యి మీద ఒక్కటి కొట్టింది.

“అదేమిటి వదినా?”

“ఏదేమిటి?”

“నీ మెడలో ఉన్నది.”

“నా మెడలో మీ అన్నయ్య కట్టిన తాళి ఉంది. ఇంకేమీ లేదు.”

“తాళి బయట ఉంది. ఇది లోపల ఉంది.”

వదిన కంచం తీసుకుని లేచింది. ఇంకా రెండు ముద్దలు మిగిలే ఉన్నాయి. మిగల్చడం ఆమె ఇంటావంటా లేదు.

నమోదు 5

సంఘానికి వెళ్లాను. డాక్టర్ శేషఫణి గారు అధ్యక్షుడు. ఆయన గదిలో ఒక యంత్రం ఉంది, కంఠదర్శిని అంటారు. మెడ మీద పెడితే లోపల గడ్డలుంటే కనిపిస్తాయి. కుజవరానికంతటికీ అదొక్కటే. ముప్ఫై అయిదు మార్కుల కంటే తగ్గినవాళ్లనే దాని ముందు కూచోబెడతారు. బడిలో పరీక్ష రాస్తే ఫెయిలవుతాం. ఇక్కడ ఫెయిలయితేనే పరీక్ష.

“మా వదిన మెడలో గడ్డ తగిలింది డాక్టరుగారూ. ఒక్కసారి చూడండి.”

“ఎన్ని మార్కులు?”

“నూరు.”

ఆయన నవ్వాడు, చిన్నపిల్ల తప్పు ఎక్కాలు చెబితే నవ్వినట్టు. “నూరు మార్కుల గొంతులో గడ్డ ఉండదమ్మా. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్కటి మాకు కనపడలేదు.”

“చూస్తేగా కనపడేది. నూరు మార్కులవాళ్లని మీరు చూడరు కదా.”

“గడ్డలుండవు కాబట్టి చూడం.”

“చూడరు కాబట్టి ఉండవు.”

“అదే నేనూ అంటున్నాను” అన్నాడాయన సంతోషంగా. “ఎటునుంచి చూసినా మా పరిశోధన గట్టిగా నిలబడుతోంది.”

పోనీ అని ఇంకో రాయి వేశాను. “పైకప్పు పలచబడింది. ఆకాశంలోంచి కిరణాలు తిన్నగా మా మెడల మీదే పడుతున్నాయి. దాని మీద పరిశోధన చెయ్యరాదా?”

“కప్పు ఏమైనా తింటుందా అమ్మా? తినేది మీరు.”

వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు: “ఈ నెలాఖరుకి ఆవిడకి బంగారు కంఠె తొడుగుతున్నాం. మెడ కొలత కావాలి, తెచ్చివ్వండి.”

ఇవ్వలేదు. ఇస్తే ఎడమ పక్క కొలత ఒకటి, కుడి పక్క కొలత ఒకటి ఇవ్వాలి.

నమోదు 7

వదినతో పోట్లాట. అన్నయ్య మధ్యన కూచుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

“వదినా, ఏదైనా ఒకటి తిను. మార్కులు తగ్గించుకో. యంత్రం ముందు కూచో. గడ్డ కాకపోతే మళ్లీ నాచు తిని పైకి పాకుదువుగాని.”

“నా నోటితో నేను నా గొంతు చెరుపుకోనా?”

“చెడిందో లేదో చూడ్డానికే చెరుపుకోమంటున్నా.”

“ఇది నీ వేళాకోళం. నా బొమ్మ గోడ దిగితే చూసి నవ్వాలని నీ సరదా.”

“నవ్వడానికి నాకు నీ బొమ్మే కావాలా? ఇంట్లో అన్నయ్య ఉన్నాడుగా.”

“నన్నెందుకు లాగుతావే” అన్నాడు అన్నయ్య.

 వదిన గొంతు తగ్గించి అంది. ఆ గొంతు తగ్గించక్కర్లేకుండానే తగ్గింది, బొంగురుపోయింది.

“మా అమ్మ మెడ జబ్బుతోనే పోయింది నాంచారీ. తినకూడనివన్నీ తిన్నది, అందుకే పోయింది అన్నారు. పాడె మీద ఉన్న మనిషిని అన్నారు. నేను అన్నీ మానేశాను. నా పెళ్లిలో నేనొక్కదాన్నే ఉత్త అన్నం తిన్నాను. ఇవన్నీ పాటించినదానికి రాకూడదు. వచ్చిందంటే...” అక్కడ ఆగింది. “రాకూడదు. అంతే.”

ఆ ‘వచ్చిందంటే’ తర్వాత ఏముందో నాకర్థమయింది. ఇన్నేళ్ల నాచూ వృథా అని. వాళ్లమ్మ తిండి వల్ల పోలేదని. జబ్బు కంటే ఆ మాటకే ఆమెకి ఎక్కువ భయం.

సంఘానికిచ్చే పుస్తకంలో ఇవేవీ రాయలేదు ఆ పూట. రెండు ముద్దలు నాచు అని మాత్రం రాశాను.

నమోదు 8

మాటతో కానిది మోసంతో చేద్దామనుకున్నాను. అన్నయ్య చేత మెస్సులోంచి చెంచాడు ఆవాలు తెప్పించి, నూరి, దుంప కూరలో కలిపాను. ఒక ముద్ద నోట్లో పెట్టిందో లేదో గిన్నెలో ఉమ్మేసింది. పుక్కిలించింది. తిన్నగా వెళ్లి సంఘంలో తనే చెప్పుకుంది.

శేషఫణి గారు ఆమె నిష్ఠకి మెచ్చి ఒక మార్కు బోనస్ వేశాడు. ఇప్పుడు ఆమెవి నూట ఒకటి. నాకు మందలింపు.

అయినా ఆవాలతో ఏమవుతుంది? దోసెడు తిన్నా ఐదు మార్కులే పోతాయి. ముప్ఫై అయిదు కిందకి దిగాలంటే ముల్లంగి నెల్లాళ్లు తినాలి. ఒక్క దెబ్బతో దించేది క్యాబేజీ ఒక్కటే. డెబ్బై మార్కులు.

అన్నయ్య రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. పొద్దున నా దగ్గరికొచ్చి, “పడుకున్నప్పుడు దాని ఊపిరి ఈలలా వస్తోందే” అన్నాడు. ఆ మాట చెప్పి, నేను ఏదో ఒక వెటకారమాడతానని ఎదురుచూశాడు. 

నమోదు 9

సరుకుల ఓడ వచ్చింది. మళ్లీ రెండేళ్ల దాకా రాదు. వరసవాళ్లమంతా మూటలు దింపడానికి వెళ్లాం. వదిన రాలేదు, మెడపట్టీ పడక. ఆమె వంతు మూటలు నేనే మోశాను. బుల్లెమ్మ పిన్ని చూసి, “ఏమ్మాయ్, వదిన మీద ఎప్పుడూ లేని ప్రేమ పుట్టుకొచ్చిందేమిటి?” అంది. బుల్లెమ్మ పిన్ని మా పక్కింటావిడ. పైన చెప్పిన గరిటె ఆవిడ దగ్గరే ఉంది.

“ప్రేమ కాదు పిన్నీ, వ్యాయామం.”

“నీ మొహంలో వ్యాయామం కనపడటం లేదే. ఏదో పన్నాగం కనపడుతోంది.”

ఆవిడ మంచి డాక్టరయ్యేది.

నమోదు 10

(ఇది సంఘానికి పంపిన సాపు ప్రతి. మాటకి మాట ఇక్కడ ఎక్కించాను.)

కంఠరక్షణ సంఘం పెద్దల సముఖానికి మూడో వరస సాక్షి నాంచారమ్మ వ్రాసుకున్నది. నిన్న సరుకుల ఓడ దగ్గర కూలీ ఒకడు, పొట్టిగా, నవ్వుమొహంతో ఉన్నవాడు, నాకు ఒక క్యాబేజీ ఇచ్చాడు. ముదురు రంగు, అరచేతిలో ఇమిడేటంత. అది నేరమని ఎరిగినదాన్ని కనుక సంఘానికి అప్పగిద్దామనే ఇంటికి తెచ్చాను. గుమ్మంలోనే మా వదిన వకుళ కంటపడింది.

“క్యాబేజీయేనా?” అంది. అవునన్నాను. నా చేతిలోంచి లాక్కుంది. తొక్క ఒలిచింది. మోచేతి దాకా రసం కారింది. మధ్యలో ఉన్న టెంక పీకి గుమ్మం అవతలికి విసిరేసింది. ముక్కలు తరుగుతుంటే పుల్లటి వాసన ఇల్లంతా పట్టేసింది. నేను వారించాను. “నువ్వు నోరు ముయ్యి, నేను తెరుస్తాను” అంది. మగవారి మెస్సు ఆవాలతో పోపు నాచేతనే పెట్టించింది. స్టవ్ రికార్డు ఆపించి మరీ నిజం చిటపటలు విన్నది.

తర్వాత మూడుసార్లు వడ్డించుకుంది. గిన్నె అడుగు అన్నంతో తుడిచి తిన్నది. వేళ్లు ఒకటొకటిగా నాకింది. “ఇన్నేళ్లూ ఏం తిన్నానే నాంచారీ” అన్నది. ఇది చూసిన నా కళ్లు నేటికీ కడుక్కుంటున్నాను.

క్యాబేజీకి డెబ్బై, పోపుకి ఐదు, వేళ్లు నాకినందుకు తమ చిత్తం. అన్నీ తీసెయ్యగా మిగిలినవి ముప్ఫైకి లోపే అని నా నమ్మకం. లెక్కల్లో తప్పినదాన్ని కనుక పెద్దలే సరిచూసుకోగలరు.

నమోదు 11

పొద్దుటి గంట మోగకముందే సంఘం గోడ మీద వదిన బొమ్మ దించేశారు. మేకు మాత్రం ఉంచారు, ఇంకెవరికైనా పనికొస్తుందని.

సంఘంవాళ్లు ఇంటికొచ్చి వదినని తీసుకెళ్లారు. వెళ్తూ ఆమె నన్ను చూసిన చూపు ఎలా రాయాలో తెలియడం లేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“నేను తినలేదు” అంది వాళ్లతో.

“తిన్నవాళ్లంతా మొదట అలాగే అంటారమ్మా” అన్నాడు సంఘం మనిషి, ఎంతో దయగా.

నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆడపడుచు చెడు రాసింది, ఇంకేం కావాలి. కానీ అడగకుండానే సాక్షులు ముందుకొచ్చారు. బుల్లెమ్మ పిన్ని సంఘం ముందు నిలబడి, “ఆ పుల్లటి వాసన నాకప్పుడే తెలిసిందండీ. క్యాబేజీ వాసన నేను మర్చిపోగలనా?” అంది. ఆవిడా ఇక్కడ పుట్టినదే. టెంక తన గుమ్మం ముందే పడిందట, ఏదో పురుగనుకుని ఊడ్చేసిందట. ఇంకొకావిడ ఆ టెంక దొర్లిన చప్పుడు విన్నదట. మగాళ్ల మెస్సు వంటవాడు, తొక్క తన కాలికి మెత్తగా తగిలిందన్నాడు.

ప్రయోగశాలవాళ్లు మా గిన్నె గోకి తీసుకెళ్లారు. సాయంత్రానికి ఫలితం గోడకెక్కింది: క్యాబేజీ ఆనవాళ్లు స్పష్టం, టెంక తాలూకు విషం అత్యధికం.

అన్నయ్య అది చదివి, పక్కనే నిలబడ్డ నాతో, “నిజంగానే తిన్నదా?” అన్నాడు.

“సంఘం చెబుతోందిగా అన్నయ్యా.”

“నువ్వు చెప్పవే.”

“నేను రాసేశాను. రాసినదాన్ని మళ్లీ నోటితో చెబితే అరిగిపోతుంది.”

నమోదు 12

కంఠదర్శిని ముందు కూచోబెట్టారు. గడ్డ ఉంది. సూది గుచ్చి తీశారు. క్యాన్సర్. నెమ్మదిగా పెరిగే రకమేనట, కానీ పక్కనున్న చిన్న గ్రంథులకి పాకడం మొదలెట్టిందట. ఇంకో ఏడాది ఆగితే గొంతు నరాన్ని పూర్తిగా పట్టేసేదని ఆపరేషన్ చేసే డాక్టరమ్మ అన్నయ్యతో చెప్పింది. ఇప్పుడైతే తీసేసి బతికించవచ్చట. జీవితాంతం రోజుకో మాత్ర.

అన్నయ్య గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నేను పక్కన కూచున్నాను. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు. మేం చేతులు పట్టుకునే రకం అన్నాచెల్లెళ్లం కాదు, ఇద్దరికీ సిగ్గేసి వెంటనే వదిలేశాం.

నమోదు 13

ఆపరేషన్ బాగా జరిగింది. వదిన కళ్లు తెరిచింది, అన్నయ్యని చూసింది, నన్ను చూసి మళ్లీ మూసుకుంది.

ఈలోగా శేషఫణి గారు పెద్ద సభ పెట్టారు. కుజవరం ఆడవాళ్లందరూ రావాలని ఆజ్ఞ. తెర మీద ఒక గీత చూపించాడు. గీత నేల మీద పడుకుని ఉండి, క్యాబేజీ తిన్న రోజున ఒక్కసారి నిట్టనిలువుగా లేచి పైకప్పుకి తగిలింది. ఆ కప్పు కూడా పలచగానే ఉంటుంది పాపం.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ వెనక వరసలోంచి లేచింది. “ఆ గడ్డకి కనీసం రెండేళ్ల వయసుంటుందండీ. క్యాబేజీ తిన్నది మొన్న.”

సభంతా శేషఫణి గారి వంక చూసింది. ఆయన తడబడలేదు. నీళ్లు తాగాడు.

“అదే ఇందులోని భయంకరమైన కొత్త సంగతి” అన్నాడు. “తినాలన్న కోరిక రెండేళ్ల కిందటే పుట్టి ఉంటుంది. కోరిక నుంచే గడ్డ మొదలయింది. తినడమనేది చివరి లక్షణం మాత్రమే.”

చప్పట్లు. డాక్టరమ్మ కూచుండిపోయింది.

కొత్త నియమాలు అక్కడికక్కడే వచ్చాయి. ఇకమీదట ఆడపడుచులు వదినలు తిన్నవే కాదు, తినాలనుకున్నవి కూడా రాయాలి. నిద్రలో చప్పరిస్తే రెండు మార్కులు కోత. టెంక ఉన్న ప్రతి పండూ ఆడవాళ్లకి నిషేధం, టెంకలోనే విషం ఉందని తేలింది కాబట్టి. ఆ దెబ్బకి మామిడి పోయింది, రేగు పోయింది, ఉసిరి పోయింది.

సభ అయ్యాక బుల్లెమ్మ పిన్ని నన్ను పక్కకి లాగి, “అమ్మాయ్, నాకు రోజూ మామిడిపండు కోరిక. గడ్డ మొదలయి ఉంటుందా?” అంది.

మొహం చూస్తే నిజంగానే బెదిరిపోయి ఉంది. నాకు నవ్వు రాలేదు. “డాక్టరమ్మ దగ్గరికెళ్లి మెడ తడిమించుకో పిన్నీ. మార్కులడగదు. వేళ్లతో చూసి చెబుతుంది. అందరికీ చెప్పు” అన్నాను.

నమోదు 15

మూడో వరస ఆడవాళ్లు పనుందని చెప్పి ఒక్కొక్కరే డాక్టరమ్మ గదికి పోతున్నారు. మెడలు తడిమించుకుని వస్తున్నారు. సంఘానికి తెలుసు, కానీ వేళ్లని నిషేధించే నియమం ఇంకా రాయలేదు.

వదిన ఇంటికొచ్చింది. మెడ చుట్టూ గుడ్డ. నాతో మాట్లాడదు. నేను ఎదురుగా ఉంటే అన్నయ్యతో చెబుతుంది: “ఏమండీ, ఎవరైనా నీళ్లిస్తే తాగుతాను.”

“ఇదిగో, ఎవరో ఇస్తున్నారు” అంటాడు అన్నయ్య, నా చేతిలో గ్లాసు చూపించి.

“ఎవరికైనా నా తిండి మీద ఇంకా కాపలా ఉందేమో కనుక్కోండి.”

“ఉందిట. కోరికలు కూడా రాయాలిట.”

“అయితే రాసుకోమనండి. ఎవరినో జుట్టు పట్టుకుని ఈడ్చాలన్న కోరిక.”

రాశాను. దానికి మార్కుల పట్టికలో గడి లేదు.

నమోదు 16

ఈ పూట అన్నయ్య మాత్ర తేవడానికి సంఘానికి వెళ్లాడు. ఆ మాత్రలు ముప్ఫై అయిదు లోపు మార్కులున్న గొంతులకే ఇస్తారు. ఇంట్లో నేనూ వదినే. దుంప ఉడికించి ఎదురుగా పెట్టాను. పుస్తకం తీసి కూచున్నాను.

వదిన రెండు ముక్కలు తిన్నది. నీళ్లు తాగలేదు. గొంతు తిన్నగా కదిలింది. నేను చూస్తున్నానని తెలిసి మూడో ముక్క ఇంకాస్త మెల్లగా మింగింది.

“నాంచారీ.”

ఆపరేషనయ్యాక నన్ను పేరుపెట్టి పిలవడం ఇదే.

“ఊఁ.”

“సంఘంలో ఏమడిగారో తెలుసా?”

“తినలేదన్నావుగా.”

“మొదటి రోజు అన్నాను. పడి పడి ఏడ్చాను కూడా. ఎవరూ వినలేదు. రెండో రోజు సూదితో తీసినదేమిటో డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత శేషఫణి గారొచ్చి, నిజం ఒప్పుకుంటే దోషుల వరసలో చేర్చి ఆపరేషన్ చేయిస్తాం, మాత్రలిస్తాం, లేదంటే నువ్వు నూరు మార్కుల దానివి, నీకు జబ్బే లేదు, ఇంటికి పో అన్నాడు.”

దుంప ముక్కని వేలితో అటూ ఇటూ దొర్లించింది.

“ఏమన్నావు?”

“తిన్నానన్నాను. నువ్వు రాసినట్టే మూడుసార్లు వడ్డించుకున్నానన్నాను. మా అమ్మ కూడా ఏమీ తినకుండానే పోయి ఉంటుందని అప్పుడనిపించింది నాంచారీ. ఇన్నాళ్లూ దాన్ని నేనూ తప్పుపట్టాను.”

నేను పుస్తకంలోకి చూస్తూ కూచున్నాను. ఆమే మళ్లీ అంది:

“రుచి ఎలా ఉందని కూడా అడిగాడు, రాసుకోవడానికి.”

“ఏం చెప్పావు?”

“బాగుందన్నాను. ఉప్పు తక్కువైందన్నాను. మా ఆడపడుచు వంట ఎప్పుడూ అంతేనండీ అన్నాను.”

ఇంత జరిగాక కూడా ఉప్పు దగ్గర పట్టుకుంది. మొహంలో నవ్వు కనపడకుండా మెడ గుడ్డ సర్దుకుంది.

ఈ నమోదు కూడా సంఘానికి పోదు. పోతే వదినవి మళ్లీ నూట ఒక్క మార్కులవుతాయి. నూట ఒక్క మార్కుల గొంతుకి జబ్బు రాదు కాబట్టి రేపటి నుంచి మాత్ర ఆగిపోతుంది. కాబట్టి నాలో నేనే చెప్పుకుంటున్నాను. క్యాబేజీ లేదు. ఓడలో రాలేదు, నవ్వుమొహం కూలీ ఎవడూ నాకేమీ ఇవ్వలేదు, మా ఇంట్లో ఆ రోజు కూడా నాచు ముద్దే ఉడికింది. అసలు క్యాబేజీ అనేది కొమ్మకి కాస్తుందో నేలలో ఊరుతుందో, దానికి తొక్క ఉంటుందో లేదో, టెంక ఉంటుందో లేదో, నా చెయ్యే కాదు, నా కన్ను కూడా ఎరగదు. అంతా అల్లింది నేనే.

ఉప్పు మాత్రం సరిగ్గానే వేశాను.